నేను చదవకుండా వదిలిన సగం

మా వరస ఇళ్ళలో తెలుగు చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఈ ముక్క ఒకప్పుడు ఎంత గొప్పగా చెప్పుకునేదాన్నో ఇప్పుడంత సిగ్గుగా ఉంది.

డిగ్నాబాద్‌లో మేముండే వరసకి పన్నెండు గుమ్మాలు. అందులో ఏడు మనవాళ్ళవే. శ్రీకాకుళం ఒడ్డు నుంచి, విశాఖపట్నం నుంచి ఓడెక్కి వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడినవాళ్ళు. అందరికీ నోరు తిరిగేది తెలుగే, మధ్యమధ్య హిందీ తాలింపు వేసుకుంటూ. చదవమంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. బడిలో మాకు హిందీ, ఇంగ్లీషు. మా నాన్న ఒక్కడే పంతం పట్టి, పలక కొని, రోజూ సాయంత్రం నన్ను కూర్చోబెట్టి దిద్దించాడు. తప్పు రాస్తే మొట్టికాయ. అప్పుడు ఏడ్చాను కానీ పెళ్ళయి కాపురానికి వచ్చాక ఆ మొట్టికాయలన్నీ వడ్డీతో తిరిగొచ్చాయి. ఓడ వచ్చిన రోజు నేనే మహారాణిని.

ఓడలో టపా వచ్చిందని తెలియగానే ఆడవాళ్ళంతా ఉత్తరాలు పట్టుకుని మా అరుగు మీద చేరేవాళ్ళు. దానికో పద్ధతి ఉండేది. నాలుగు మూలలా పసుపు రాసిన ఉత్తరం ఉంటే అది ముందు. మిగతావి ఆ తర్వాత. ఏ ఉత్తరమైనా చదివే మనిషి ముందు మనసులో చదువుకోవాలి, ఆ తర్వాతే పైకి చదవాలి. లోపల చావు కబురు ఉంటే తటాలున నోటికి రాకూడదు కదా. ముందు ఆ మనిషిని కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, అప్పుడు మెల్లగా చెప్పాలి. చెప్పాక ఆ ఉత్తరం చింపి పారెయ్యాలి, ఇంట్లో ఉంచకూడదు. మా అమ్మ నేర్పింది నాకు ఇదంతా. మంచి పద్ధతే. నేను పాడు చేశాను.

మనసులో చదువుకునే ఆ రెండు నిమిషాలూ అందరూ నా మొహంకేసి చూస్తూ ఉండేవాళ్ళు. నేను కావాలనే నెమ్మదిగా చదివేదాన్ని. ఒక్కోసారి ఊరికే కనుబొమలు ముడిచేదాన్ని. "ఓలమ్మో, ఏటయిందే?" అని గుండెలు బాదుకోబోతే, "ఏమీ లేదు, చేతిరాత అర్థం కావట్లేదు" అనేదాన్ని. పొగరు కాక మరేమిటి!

పక్క గుమ్మం పిన్నిది. చుట్టరికం ఏమీ లేదు, నేను పిలిచే పిలుపే. నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. శ్రీకాకుళం దగ్గర సముద్రపు ఊరి నుంచి తాపీ మేస్త్రిని చేసుకుని వచ్చింది. పిల్లల్లేరు. నేను ఆఫీసులో టైపిస్టుగా చేరినప్పుడు నా కూతురికి ఏడాది నిండలేదు. మా ఆయన దీవుల మధ్య తిరిగే ఓడలో పని, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. పిల్లని పొద్దున పిన్ని చేతికిచ్చి, సాయంత్రం తీసుకునేదాన్ని. ఇంత డబ్బులివ్వబోతే, "సీ, నాకు బిడ్డనిచ్చి నాకే డబ్బులేటే" అని కసిరేది.

పిన్నికి ఊళ్ళో ఒక్కగానొక్క చెల్లెలు. ఆ చెల్లెలి పెళ్ళికి పిన్ని వెళ్ళలేకపోయింది. గాలివాన మూలంగా ఆ నెల ఓడ కదల్లేదు. ఒడ్డున ఉన్నవాళ్ళకి ఆ బాధ ఏం తెలుస్తుంది? రావడానికి మనసు రాలేదు కానీ ఓడకేమైంది అని చెల్లెలు ఘాటుగా రాసింది. అప్పటి నుంచి ఇద్దరి మధ్యా ఏడాదికో ఉత్తరం. అదీ రెండు ముక్కలు, క్షేమం, క్షేమం. చదివేది నేను, జవాబు రాసేదీ నేను.

సునామీ వచ్చిన ఆదివారం పొద్దున ముందు ఇల్లు ఊగింది. గిన్నెలు గూట్లోంచి దబదబా పడ్డాయి. నేను వంటింట్లో ఉన్నాను. ఏం చెయ్యాలో తోచక గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను, నా బిడ్డ గుర్తుకు రాలేదు. పిన్ని మా ఇంట్లోకి దూరి, నిద్రపోతున్న పిల్లని దుప్పటితో సహా చంకనేసుకుని వీధిలోకి పరుగెత్తింది. తన ఇంటికి తాళం కూడా వెయ్యలేదు. మా వరస దాకా నీళ్ళు రాలేదు. మేమంతా బతికాం.

పిన్ని భర్త, మేస్త్రి బాబాయి, దక్షిణాన ఇంకో దీవిలో, హట్ బేలో ఉన్నాడు. అక్కడ ఏదో కట్టడం పనికి వెళ్ళి పది రోజులైంది. మూడో రోజుకి ఓడల్లో మనుషుల్ని తేవడం మొదలైంది. పిన్ని రోజూ జెట్టీకి వెళ్ళి నిలబడేది. గోడకి అంటించిన పేర్ల కాగితాలు నేను వెళ్ళి చదివేదాన్ని. ఇంగ్లీషులో ఉండేవి. "ఉన్నాడేటే?" "ఇంకా రాలేదు పిన్నీ." నెల తర్వాత ఆయనతో పనికి వెళ్ళిన కూలీ ఒకడు వచ్చాడు. నీళ్ళు వచ్చినప్పుడు ఆయన ఇసక గుట్ట దగ్గర ఉన్నాడనీ, మళ్ళీ చూడలేదనీ చెప్పి, పిన్ని కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చి వెళ్ళాడు. పిన్ని పుస్తెలు తియ్యలేదు. "మనిషి కనపడకుండా ఎలాగ తీత్తానే" అంది. ఎవరూ బలవంతం చెయ్యలేదు.

ఆ ఎండాకాలంలో చెల్లెలి ఉత్తరం వచ్చింది.

ఆ రోజు అరుగు మీద పిన్నీ నేనూ తప్ప ఎవరూ లేరు. నా కూతురు పిన్ని ఒళ్ళో బిస్కెట్టు నములుతోంది. నేను ఉత్తరం విప్పి, పద్ధతి ప్రకారం ముందు మనసులో చదువుకున్నాను. బావ సంగతి విని పది రోజులు అన్నం సయించలేదని రాసింది. దేవుడు అన్యాయం చేశాడని రాసింది. ఆ సగం నేను పైకి చదివాను, గొంతు వణికించి మరీ. తర్వాతి సగం ఇది. అక్షరం పొల్లుపోకుండా నాకు నోటికి వచ్చు.

"అక్కా, నా పెళ్ళప్పుడు నేను రాసిన మాటలన్నీ తప్పే. ఓడ కదలకపోతే నువ్వు మాత్రం ఏం చేస్తావు. అప్పుడు నాకు బుద్ధి లేకపోయింది. నువ్వు వచ్చెయ్యి. మా ఇంట్లో నీకో గది ఉంది. కుట్టుమిషను కొన్నాను, ఇద్దరం కూర్చుంటే రోజు గడిచిపోతుంది. నిన్ను తీసుకురావడానికి ఆయన్ని పంపిస్తాను. వస్తానని ఒక్క ముక్క రాయి చాలు. రాయలేదంటే నా మీద కోపం పోలేదనుకుంటాను. ఇంక నిన్ను విసిగించను."

ఇది నేను చదవలేదు. "ఇట్లు నీ చెల్లెలు" అని ముగించేశాను.

ఎందుకు చదవలేదంటే, పిన్ని అప్పుడు సముద్రం పేరెత్తితే వణికిపోయేది. వాన చప్పుడుకి లేచి కూర్చునేది. అలాంటి మనిషిని మూడు రోజులు ఓడలో వెళ్ళమని ఎలా చెప్పడం? ఆయన వస్తాడేమోనని ఇంకా గుమ్మంకేసి చూస్తున్న మనిషికి ఊరు వదిలి రమ్మన్న మాట ఎలా వినిపించడం? కొన్నాళ్ళు పోయాక, మనసు కుదుటపడ్డాక చదువుదాంలే అనుకున్నాను. పదహారేళ్ళుగా నాకు నేను చెప్పుకున్న సమాధానం ఇదే.

చదవడం అయ్యాక ఇంకో పని కూడా చేశాను. "చావు మాట ఉన్న ఉత్తరం ఇంట్లో ఉంచకూడదు పిన్నీ, చింపేద్దాం" అన్నాను. చూడండి, మా అమ్మ నేర్పిన పద్ధతి ఎలా అక్కరకొచ్చిందో! పిన్ని చటుక్కున లాక్కుంది. "మా సెల్లి సేతిరాతే, ఉండనీ" అని మడతపెట్టి రవికలో దోపుకుంది. ఆ తర్వాత పాత టిఫిన్ క్యారేజీ అడుగు గిన్నెలో దాచుకుంది. ఆమె ఉత్తరాలన్నీ అందులోనే ఉండేవి.

జవాబు చెప్పింది, నేను రాశాను. "నేను బాగానే ఉన్నానని రాయి. నా కోసం బెంగెట్టుకోవద్దని రాయి. ఇక్కడ పక్కింటోళ్ళు సొంత మనుసుల్నాగ సూత్తన్నారని రాయి." రాశాను. రమ్మని పిలిచిన చెల్లెలికి ఆ జవాబు ఎలా ఉంటుందో నాకు తెలుసు. తెలిసే రాసి, జిగురు అంటించి, ఆఫీసుకి వెళ్తూ పోస్టు డబ్బాలో వేశాను.

చెల్లెలు మళ్ళీ రాయలేదు. ఓడ వచ్చిన ప్రతిసారీ పిన్ని అడిగేది, "నాకేటైనా ఉందేటే?" అని. రెండేళ్ళు అడిగి మానేసింది. "సుకంగా ఉన్నోళ్ళకి మనమేటి గుర్తుంటాం" అనేది. నేను నోరు మూసుకుని ఊరుకున్నా బాగుండేది. "కొందరి తీరే అంత పిన్నీ" అని వంత పాడాను.

మధ్యలో ఒకసారి, "నాకూ నాలుగచ్చరాలు నేర్పవే, కాలచ్చేపం అవుద్ది" అని అడిగింది. నేను నవ్వేశాను. "ఈ వయసులో చదివి ఏం కలెక్టరీ చేస్తావు? నేనున్నాగా" అన్నాను. నవ్వాను కానీ, నేర్చుకుంటే ముందు ఏ ఉత్తరం తీసి చదువుతుందో నాకు తెలుసు. నా కూతురికి కూడా నేర్పలేదు. టైము లేదన్నాను. ఇప్పుడు ఆ పిల్ల తెలుగు గలగలా మాట్లాడుతుంది, బోర్డు మీద తన ఊరి పేరు తెలుగులో ఉంటే చదవలేదు.

మేం ఊరి శివార్లలో, గరాచర్మలో ఇల్లు కట్టుకున్నాక పిన్నిని కూడా తీసుకొచ్చి వెనక గదిలో పెట్టాం. అందరూ మమ్మల్ని మెచ్చుకున్నారు. ఏ బంధమూ లేని మనిషిని ఇలా చూసుకునేవాళ్ళు ఎవరున్నారు అన్నారు. నేను వినయంగా తలొంచుకునేదాన్ని.

ఇక్కడ నెట్ అంటే ఒకప్పుడు పెద్ద ప్రహసనం. వీడియో పెట్టి, చారు కాచుకుని వచ్చినా తెర మీద ఆ గుండ్రటి గీత తిరుగుతూనే ఉండేది. సముద్రం అడుగున కేబుల్ వేశాక రాత మారింది. నా కూతురు కొత్త ఫోను కొనుక్కుని పాతది అమ్మమ్మకిచ్చింది. పిన్నిని అది అమ్మమ్మ అనే పిలుస్తుంది. "అమ్మమ్మా, దేఖో, ఈ మైకు బొమ్మ నొక్కి మాట్లాడు, నీ మాట రాసేస్తుంది" అని చూపించింది. ఆ పిల్లకి చదవడం రాదు, కానీ ఫోనుతో రాయించడం వచ్చు.

పిన్ని ఫోను నోటి దగ్గర పెట్టుకుని "సేప" అంది. తెర మీద 'చేప' అని వచ్చింది.

అంతే, ఆమె చదువు మొదలైంది. అందరూ అక్షరాలు నేర్చుకుని మాటల్లోకి వెళ్తే, పిన్ని మాటల్లోంచి అక్షరాల్లోకి వచ్చింది. ముందు తను ఒక మాట అనడం, తెర మీద దాని ఆకారం చూడడం, పాత క్యాలెండరు వెనక పెన్సిలుతో దింపుకోవడం. చేప, చేట, చేయి. మూడింటికీ మొదట ఉన్న బొమ్మ ఒకటేనని తనే కనిపెట్టింది. ఆ రోజు వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి, "దొరికిందే దొంగముండ! ఇదే 'చే'!" అని చూపించింది. వత్తులు, గుణింతాలు పిల్లల పాఠాల వీడియోల్లో చూసి నేర్చుకుంది. ఒక్కోసారి ఫోనుతో తగువు. "నేను వత్తన్నాను అంటే ఇదేటే ఇంకేదో రాత్తాది? నీ యమ్మ, సరిగ్గా ఇను!" మేం పడీపడీ నవ్వేవాళ్ళం. ఏడాది తిరిగేసరికి పిన్ని తెలుగు వార్తలు చదివేది, వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ. ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. రోగాలకి ఏ ఆకు మంచిదో, ఊళ్ళో వానలెలా ఉన్నాయో, అన్నీ తనే చూసి మాకు చెప్పడం మొదలుపెట్టింది. నేను నలుగురిలో మెచ్చుకునేదాన్ని. గదిలోకి వెళ్ళి ఆ టిఫిన్ క్యారేజీకేసి చూసేదాన్ని. దాన్ని తీసి పారేద్దామని రెండుసార్లు చెయ్యి కూడా వేశాను. అబద్ధమెందుకు.

ఒక ఆదివారం మధ్యాహ్నం పిన్ని ఆ గిన్నెలోంచి ఉత్తరాలు తీసి, ఎండలో కూర్చుని ఒక్కొక్కటీ చదువుకుంటోంది. నేను బట్టలు ఆరేస్తున్నాను. చాలాసేపటికి పిలిచింది.

"ఇలా రాయే. కూకో. నేను సదువుతాను, తప్పులుంటే సెప్పు."

కూర్చున్నాను. అదే ఉత్తరం. మడతల దగ్గర చిరిగింది. ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చదివింది. ము-క్క రా-యి చా-లు. ఇంక ని-న్ను వి-సి-గిం-చను. నా జీవితంలో అంత పొడుగు ఉత్తరం నేను వినలేదు. చదివి, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. అడిగేస్తుంది, ఇప్పుడడిగేస్తుంది అనుకున్నాను.

"నువ్వు సదివే ఉంటావు. నా బుర్రకే ఎక్కినట్టు నేదు" అంది. "ఆ రోజుల్లో నేను మనిసినేటి? ఎవులేటి సెప్పినా ఇనపడీది కాదు. సదివావు కదే?"

అడిగింది కూడా. నిజం చెప్పడానికి ఆమె చేతులారా తలుపు తీసి పెట్టింది. నేనేం చేశానో తెలుసా? "చదివాను పిన్నీ" అన్నాను. "నువ్వే పట్టించుకోలేదు" అని కూడా అన్నాను. ఆ రెండో ముక్క అనాల్సిన అవసరమే లేదు.

పిన్ని నెత్తి కొట్టుకుంది. "ఎంత పాపం సేసానే! పిలిసినా పలకనేదని ఎంత ఏడిసిందో!"

ఆ వారమంతా కూర్చుని చెల్లెలికి తనే ఉత్తరం రాసింది. మొట్టమొదటి ఉత్తరం, సొంత చేత్తో, రూళ్ళ కాగితం మీద. ముందు ఫోనుకి చెప్పడం, అది రాసింది చూసి దింపడం. ఫోను రాసింది నచ్చని చోట తన మాటే ఉంచింది. తర్వాత నా దగ్గరికి తెచ్చి, "దిద్దవే, నవ్వుకుంటారు" అంది. నేను రెండు వత్తులు దిద్దాను, ఒక దీర్ఘం పెట్టాను. మధ్యలో ఈ వాక్యం ఉంది: 'పక్కింటి పిల్ల నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించింది, తప్పు దానిది కాదు, నేనే మరిచిపోయాను, నన్ను క్షమించు.' దాని మీదికి పెన్ను పోలేదు. కాగితం తిరిగి ఇచ్చేశాను. కింద ఫోను నంబరు రాసి పోస్టు చేసింది.

మూడు వారాలకి చెల్లెలు ఫోను చేసింది. పాత చిరునామాలోనే ఉంది. ఇద్దరూ ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినపడకుండా ఏడ్చారు. ఇప్పుడు రోజూ సాయంత్రం వీడియోలో మాట్లాడుకుంటారు. గోడకి ఇవతల నాకు అన్నీ వినపడతాయి. చెల్లెలు మంచిదే, కానీ పుల్లవిరుపు మనిషి. పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయానని పిన్ని అంటే చాలు, "ఉత్తరమే మర్చిపోయినదానివి, పాలెంత" అంటుంది. పిన్ని నవ్వేస్తుంది. "అవునే, నాది ఉత్త రాతి గుండె" అంటుంది. ఈ మాట వారానికి రెండుసార్లయినా వింటాను. వినీ వినీ ఇంక నా వల్ల కాలేదు. ఎదురుగా చెప్పే ధైర్యం ఎటూ లేదు. అందుకని ఇదంతా ఫోనులో టైపు చేసి, ఇక్కడిదాకా రాసింది ముందు పిన్నికే పంపాను. ఇప్పుడు ఆమెకి చదివిపెట్టే మనిషి అక్కర్లేదు.

మూడు రోజులు పిన్ని గదిలోంచి సరిగా బయటికి రాలేదు. చదవడం నెమ్మది కదా. అన్నం పెట్టిస్తే తినేది. నా కూతురితో మాట్లాడింది. నాతో మాట్లాడలేదు. మూడో రోజు సాయంత్రం చెల్లెలి ఫోను మోగింది. తియ్యలేదు. నాలుగో రోజు పొద్దున వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో ఫోను.

"మొత్తం సదివాను" అంది.

నేను స్టవ్ ఆపేశాను.

"ఇది మొత్తమేనా? ఇందులో కూడా ఏటైనా వదిలేసావేటి?"

"ఒకటి ఉంది పిన్నీ" అన్నాను. చెప్పబోయాను. చెయ్యి అడ్డంపెట్టి ఆపేసింది.

"నువ్వు సెప్పకు. నీ నోటితో ఇన్నది సాలు. రాసి పంపు. నేనే సదూకుంటాను" అని వెళ్ళిపోయింది.

అందుకని రాస్తున్నాను. పిన్నీ, సముద్రమంటే నీకు భయమని నేను ఆ సగం వదల్లేదు. బాబాయి కోసం చూస్తున్నావనీ కాదు. అవి తర్వాత అతికించుకున్నవి. ఆ రోజు నువ్వు అరుగు మీద నా బిడ్డని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావు. రమ్మన్న మాట దగ్గరికి రాగానే నాకు వచ్చిన ఆలోచన ఒక్కటే. నువ్వు వెళ్ళిపోతే రేపు పొద్దున నేను ఆఫీసుకి వెళ్ళేటప్పుడు పిల్లని ఎవరికి ఇవ్వను? అంతే పిన్నీ. ఇంకేమీ వదల్లేదు.